మదీనా హోటలులో తొలి కొలువు

ప్రశ్న: మాది కడప, నేను మదీనాలో పనిచేయుచున్నాను. డిగ్రీ ముగించిన తమ్మునకు ఇచ్చటి హోటలు రిసెప్షన్ ఉద్యోగమునకై, అనుభవము లేకుండ రెజ్యూమె ఎట్లు వ్రాయవలెను?

జవాబు: రిసెప్షన్ కొలువులను సౌదీ ప్రభుత్వము చాలవరకు స్వదేశీయులకే కేటాయించుచున్నది గనుక, హౌస్‌కీపింగు, రూమ్ సర్వీసులకు దరఖాస్తు చేయించుడు. మస్జిదె నబవీ పరిసరములందలి హోటళ్లకు నానాదేశ యాత్రికులు వచ్చుచుందురు. కావున ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, కొంచెమైనను అరబ్బీ యెరిగిన యువకుడు ఆ భాషాజ్ఞానమును పుట చివర హాబీల ప్రక్కన మరుగుపరుపక, పేరునకు దిగువనే, ఏది చదువగలడో, ఏది మాటలాడ మాత్రమే గలడో వేర్పరచి వ్రాయవలెను. కష్టించి పనిచేయుదునని ప్రతివాడును వ్రాయును. పండుగనాళ్లలో బంధువుల బట్టలకొట్టున బిల్లులు వ్రాసి, రాత్రి నగదు లెక్క అప్పగించియుండినచో, ఆ సంగతియే వ్రాయుట వేయిరెట్లు మేలు. పేరు పాస్‌పోర్టులోని అక్షరక్రమముననే యుండవలెను. మనవారి యింటిపేర్లు ఒకచోట పొడి అక్షరముగను, ఒకచోట పూర్తిగను ఉండి వీసా వేళ చిక్కులు తెచ్చును. కవర్ లెటరు పది పంక్తులు మించరాదు. తాను ఇండియాలో నున్నాడనియు, ఇకామా (సౌదీ నివాస అనుమతి పత్రము) లేదనియు అందు దాచవలదు. పాస్‌పోర్టు నకలు తొలి ఉత్తరముతో పంపరాదు. ఏజెంటు ద్వారా పోవునెడల, అతడు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టలులో నమోదైనవాడేనా యని తప్పక చూడుడు. అతడు గ్రహింపదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే.