వరద రోజులకు ఇంటి పెట్టె

పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతముల రైతులకు వరద అనగానే గోదావరియే గుర్తు వచ్చును. అది సహజమే. భద్రాచలము వద్ద 1986 ఆగస్టు 16న నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. 1990లో 70.8 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు నమోదైనవి. 2022లో భద్రాచలము వంతెనపై రాకపోకలు కూడ నిలిపివేయవలసి వచ్చెను. అయితే ఈ అటవీ సరిహద్దు గ్రామములలో ఏటేటా కుటుంబములను చిక్కులలో పెట్టునది గోదావరి ఒక్కటియే కాదు. కిన్నెరసాని, ముర్రేడు, వాటిలో కలియు చిన్న వాగులు గోదావరికన్న తొందరగా పొంగును. ఇల్లు మునుగుట అరుదు. దారి తెగుట, కరెంటు పోవుట, కుళాయి నీరు ఆగుట మాత్రము తరచుగా జరుగును. కావున ఇంట సిద్ధము చేసికొనవలసిన సామాను ముఖ్యముగా ఈ దారి తెగిన రెండు మూడు దినముల కొరకే.

గోదావరి వరదకు, వాగు వరదకు గల తేడాను ముందు గ్రహింపవలెను. ప్రాణహిత, ఇంద్రావతి నదుల నీరు ఎగువనే గోదావరిలో కలియును గనుక, ఆ నీరు భద్రాచలమునకు చేరులోపల వార్త మనకు చేరును. భద్రాచలము వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేయుదురు. ఈ మూడు అంకెలు ఇంటిలో ప్రతివారికి కంఠస్థము కావలెను. రేడియోలోగాని, ఫోనులోగాని 43 అన్న మాట వినబడిననాడే పెట్టె తీసి చూచుకొన్నచో తొందరపాటు ఉండదు.

వాగు అట్లు కాదు. కొండమీద రాత్రి వాన కురిసినచో తెల్లవారకముందే కల్వర్టు మునుగును. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కిన్నెరసాని నీరు అందులోనికి పోలేక వెనుకకు తన్ని బూర్గంపాడు వైపు చేలమీదికి వచ్చును. కిన్నెరసాని జలాశయము పూర్తి మట్టము 407 అడుగులు. ఆ మట్టమునకు దగ్గరైనప్పుడు గేట్లు ఎత్తుదురు. దిగువ గ్రామములవారు ఆ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. ఇక కట్టయే తెగినప్పటి సంగతి చెప్పనక్కరలేదు. 2024 జులైలో అశ్వారావుపేట మండలము గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టుకు గండి పడి, దిగువ గ్రామములలోనికి నీరు వచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములోని ఇండ్లు మునిగెను. అటువంటి రాత్రి పెట్టె సర్దుకొను వ్యవధి ఉండదు.

అందువలన సామాను రెండు భాగములుగా ఉండవలెను. ఒకటి భుజమున వేసికొని పరుగెత్తగల సంచి. రెండవది ఇంటిలోనే ఎత్తున ఉంచు పెట్టె. ఈ రెంటిని ఒకటిగా చేసినవారు బరువు మోయలేక రెంటిని వదలి పోవలసి వచ్చును.

చేతి సంచిలో ఏమి ఉండవలెను?

మొదట పత్రములు. పట్టాదారు పాసుపుస్తకము, పోడు భూమికి ఇచ్చిన అటవీ హక్కుల పత్రము, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము, పశువుల బీమా కాగితములు, పిల్లల చదువు సర్టిఫికెట్లు. వీటిని మడత పెట్టక, రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి, మూతి మడిచి రబ్బరు బ్యాండు వేయవలెను. జిరాక్సు ప్రతులు వేరే ఊరిలోని బంధువు ఇంట ఒక కట్ట ఉంచుట మంచిది. ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకొన్నను సరే, ఫోను తడిసినచో అవి కూడ పోవును గనుక కుటుంబములో మరియొకరి ఫోనుకు పంపియుంచవలెను. తడిసిన పట్టాకు నకలు తెచ్చుకొనుటకు ఎన్నిసార్లు ఆఫీసుకు తిరుగవలెనో రైతులకు తెలియనిది కాదు. పశువుల చెవి పోగు నంబర్లు కూడ ఒక కాగితముపై వ్రాసి ఇందులోనే ఉంచవలెను. పశువు కొట్టుకొనిపోయిన పిమ్మట నంబరు ఎవరును చెప్పలేరు.

పిమ్మట టార్చిలైటు, ఈల, కొంత చిల్లర నగదు, ఫోను ఛార్జరు, వీలున్నచో పవర్‌బ్యాంకు, ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, దుప్పటి, రోజూ వాడు మందులు. ఈల చూచి నవ్వువారున్నారు. చీకటిలో వాన హోరులో మనిషి కేక కొంత దూరమునకే పోవును, ఈల చాల దూరము వినబడును. బి.పి., షుగరు, మూర్ఛ మందులు వాడువారు కనీసము 7 దినములకు సరిపడునవి విడిగా ఉంచవలెను. ఇన్సులిన్ వాడు ఇంట, కరెంటు పోయినప్పుడు ఒక పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ నిలిపి, సీసాను అందులో ఉంచి, పైన తడి గుడ్డ కప్పి నీడలో పెట్టినచో చల్లగా ఉండును. సీసాకు నీరు తగులరాదు.

గర్భిణీ స్త్రీ ఉన్న ఇంటికి సంచి చాలదు. కాన్పు తేదీ వానకాలములో పడినచో, తేదీకి వారము పది దినములు ముందే ఆసుపత్రికి దగ్గరనున్న బంధువుల ఇంటికి చేర్చవలెను. వాగు పొంగిన పిమ్మట డోలీ కట్టి మోసుకొనిపోవుట ధైర్యము కావచ్చునుగాని, అది ప్రాణములతో చెలగాటము. గోదావరికి ఇవతలివారు ఇంకొక సంగతి మరువరాదు. వంతెన మూసినప్పుడు భద్రాచలము ఆసుపత్రికి పోవుట సాధ్యము కాదు. కొత్తగూడెము దారి ముందే మనస్సులో ఉంచుకొనవలెను.

పెట్టె, దానిలోని నీరు, తిండి

పెట్టెకై బజారుకు పోనక్కరలేదు. ధాన్యము పోయు రేకు డబ్బా, మూత గట్టిగా పట్టునదైనచో చాలును. దానిని అటకమీదగాని, గోడకు కొట్టిన బల్లమీదగాని ఉంచవలెను. మంచము క్రింద పెట్టిన పెట్టె వరదకు పనికిరాదు.

నీటికి ఎక్కువ ప్రాధాన్యము ఇవ్వవలెను. ఇంటి చుట్టును నీరున్నప్పుడే త్రాగునీరు దొరకదు. కరెంటు లేనిదే మిషన్ భగీరథ కుళాయికి నీరు రాదు, బోరు మోటారు తిరుగదు. త్రాగుటకు, వంటకు కలిపి మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున, ఐదుగురు గల కుటుంబమునకు మూడు దినములకు 60 లీటర్లు కావలెను. అనగా 20 లీటర్ల డబ్బాలు మూడు. ఇవి నిత్యము నింపి ఉంచనక్కరలేదు. మొదటి హెచ్చరిక రాగానే, లేదా మబ్బు గట్టిగా పట్టిన సాయంత్రమున నింపినచో చాలును. కాని డబ్బాలు మాత్రము కడిగి మూతలతో సహా సిద్ధముగా ఉండవలెను.

ఇచట ఒక గట్టి మాట చెప్పవలసియున్నది. పత్తి, మిరప సాగు గల ఈ ప్రాంతమున పురుగుమందు ఖాళీ డబ్బాలు ఇండ్లలో ఎక్కువ. అవి గట్టివి, మూత బాగుగా పట్టునవి గనుక నీటికి వాడవలెనని బుద్ధి పుట్టును. ఎన్నిసార్లు కడిగినను ఆ మందు ప్లాస్టిక్‌ను పూర్తిగా వదలదు. అట్టి డబ్బాలో త్రాగునీరు, పాలు, నూనె ఏదియు పోయరాదు. ఖాళీ కాగానే మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి పనికిరాకుండ చేయవలెను. మిగిలిన మందు ఇంటిలో ఉన్నచో తిండి పెట్టెకు దూరముగా, నీరందని ఎత్తున, తాళము వేసి ఉంచవలెను. వరదనీటిలో మందు సీసా పగిలినచో ఆ నీరు పశువులకు కూడ విషమే.

వరద కాలములో నీరు మరిగించుట మేలైన పద్ధతి. బుడగలు బాగుగా వచ్చి కనీసము ఒక నిమిషము మరిగినచో చాలును. కట్టెలు తడియును గనుక, రెండు మోపుల ఎండు కట్టెలను అటకపై వేసికొనుట మరువరాదు. గ్యాసు ఉన్నవారికి ఈ చింత తక్కువ. క్లోరిన్ బిళ్లలు ఆశా కార్యకర్తవద్ద దొరికినచో తీసికొని, పొట్లముపై వ్రాసిన ప్రకారము వాడవలెను.

తిండికి అటుకులు, మరమరాలు, పుట్నాలపప్పు, బెల్లము, వేరుశనగలు మంచివి. వీటికి పొయ్యి అక్కరలేదు, పిల్లలు ఇష్టముగా తిందురు. బియ్యము, కందిపప్పు, ఉప్పు, చింతపండు వేరే డబ్బాలో మూడు దినములకు ఉంచుకొనవలెను. ఇప్పపువ్వు ఎండబెట్టి దాచుకొను కోయ కుటుంబములకు తిండి దాచుట మనము నేర్పవలసిన విద్య కాదు. వారివద్ద మనమే నేర్చుకొనవచ్చును.

మందుల డబ్బాలో ఓ.ఆర్.ఎస్. పొట్లములు కనీసము ఐదు ఉండవలెను. అవి లేనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చదునుగా 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చును. ఉప్పు కొలత మించినచో పిల్లలకు హాని. విరేచనములైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్.తోపాటు జింకు బిళ్లలు 14 దినములు ఇయ్యవలెనని వైద్యులు చెప్పుదురు. శుభ్రమైన గుడ్డ, దూది, కత్తెర, సబ్బు, జ్వరము బిళ్లలు కూడ చేర్చవలెను. ఇది మలేరియా గల అటవీ ప్రాంతము గనుక దోమతెర పెట్టెలోనే ఉండవలెను. జ్వరము వచ్చినచో బిళ్లతో సరిపెట్టుకొనక ఆశా కార్యకర్తవద్ద రక్తపరీక్ష చేయించుకొనవలెను.

వరద నీటికి పాములు పుట్టలు వదలి ఇండ్లకు, గడ్డివాములకు ఎక్కును. చీకటిలో చేయి పెట్టకముందు టార్చి వేయవలెను. కరచినచో కట్టు బిగించుట, గాటు పెట్టుట, నోటితో పీల్చుట పనికిరావు. కరచిన కాలునుగాని చేతినిగాని కదలకుండ కర్రతో వదులుగా కట్టి, మనిషిని నడిపించక, విషమునకు విరుగుడు సూది గల ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. 108కి వెంటనే ఫోను చేయవలెను.

పశువుల మాట

పశువులకు పెట్టె అక్కరలేదుగాని, కొట్టము గుంజకు ఒక కొడవలి ఎప్పుడును వ్రేలాడవలెను. నీరు వచ్చినప్పుడు తడిసిన తలుగు ముడి విప్పుటకు రాదు, కోయవలసినదే. కట్టివేసిన పశువు ఈదలేక చచ్చును, విడిచిన పశువు చాలవరకు గట్టు చేరును. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించవలెను. కొంత ఎండుగడ్డి మంచెపై వేసి ఉంచినచో వరద తీసిన పిమ్మట బురద మేత మేపవలసిన అవసరము రాదు.

వాగు ఒడ్డున మోటారు మునుగుచున్నదని రాత్రివేళ పోవు రైతులకు ఒక హెచ్చరిక. మోటారు మరల కొనవచ్చును. స్టార్టరు తడిసినప్పుడు తాకరాదు. జోరుగా పారు నీరు ఆరు అంగుళములున్నను మనిషి కాలు నిలువదు, రెండు అడుగులున్నచో కారును సైతము కొట్టుకొనిపోవును. కల్వర్టుపై నీరు పారుచుండగా మోటారు సైకిలుపై దాటుట వలన ఏటేటా ప్రాణములు పోవుచున్నవి.

పెట్టెను కాపాడుకొనుట

పెట్టె కట్టుట ఒక పూట పని. దానిని కాపాడుటయే కష్టము, ఎక్కువమంది ఇక్కడనే విఫలులగుదురు. రోహిణి కార్తెలో పెట్టె సిద్ధము చేసి, వానకాలమంతయు ప్రతి అమావాస్యకు ఒకసారి తెరచి చూడవలెను. అమావాస్య ఎవరును మరువరు గనుక ఆ దినము చెప్పితిమి. అటుకులకు, పప్పుకు పురుగు పట్టును. వాటిని ఇంట వాడుకొని క్రొత్తవి వేయవలెను. వానకాలములో బెల్లము, ఉప్పు చెమ్మగిల్లును. వాటికి బిగుతు మూత గల సీసా కావలెను. టార్చిలో బ్యాటరీలు వదలినచో కారి టార్చి పాడగును. విడిగా కవరులో ఉంచవలెను. పవర్‌బ్యాంకు నెలకొకసారి నింపవలెను. మందుల గడువు తేదీలు మూత లోపల అంటించిన కాగితముపై వరుసగా వ్రాసినచో చూచుట సులువు. ఈ కాగితమును బడికి పోవు పిల్లవానిచేత వ్రాయించినచో మరుసటి నెల వాడే గుర్తు చేయును. ఒక సాయంత్రము దీపములన్నియు ఆర్పి, పెట్టె, సంచి తీయించి చూడవలెను. ఏది చేతికి అందదో అప్పుడు తెలియును.

గ్రామాధికారులకు

పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణ అధికారి కలసి వానలకు ముందు ఒక పట్టిక తయారు చేయవలెను: కాన్పు దగ్గరపడినవారు, నడువలేనివారు, ఇన్సులిన్ వాడువారు, వాగుకు అవతల గుంపులలో ఉండువారు. పొడవైన గట్టి మోకు, గాలి నింపిన ట్రాక్టరు ట్యూబులు, మైకు, దానికి బ్యాటరీ ఊరికి ఉమ్మడిగా ఎత్తైన చోట ఉంచవలెను. రైతు వేదిక ఎత్తున ఉన్న గ్రామములలో అదియే తగిన స్థలము.

త్రాగు బావులలో క్లోరిన్ వేయుటకు లెక్క ఇది. బావి వ్యాసమును వ్యాసముతో గుణించి, దానిని నీటి లోతుతోను, 0.785తోను గుణించినచో ఘనపు మీటర్లు వచ్చును. ఒక ఘనపు మీటరు 1000 లీటర్లు. 2 మీటర్ల వ్యాసము, 4 మీటర్ల నీరు గల బావిలో 12,560 లీటర్లుండును. 1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాముల చొప్పున సుమారు 31 గ్రాములు కావలెను. పొడిని నేరుగా చల్లక, బకెట్టులో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పైతేటను మాత్రము బావిలో వేసి కలియబెట్టవలెను. ఒక గంట గడచువరకు నీరు తోడరాదు. వరదలో మునిగిన బావికి ఈ మోతాదు చాలదు. మురికి నీటిని తోడివేసి, ఆరోగ్య సిబ్బంది చెప్పిన మోతాదు వేసి, పరీక్షించిన పిమ్మటనే త్రాగవలెను. బ్లీచింగ్ పౌడరు మూత తీసి ఉంచినచో బలము కోల్పోవును. నిరుటి బస్తాను నమ్మరాదు.

జిల్లా విపత్తు కంట్రోలు గది నంబరు 1077, అత్యవసర నంబరు 112. ఈ రెండును, పంచాయతీ కార్యదర్శి నంబరును, ఆశా కార్యకర్త నంబరును పెట్టె మూతపై రంగుతో వ్రాయవలెను. ఫోనులో ఉన్న నంబరు ఫోను ఆగినప్పుడు దొరకదు.