అమరావతి శిలలును దొరల ప్రయాణపు వ్రాఁతలును

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపావారు మన దేశపు శిల్పములను, జనులను గూర్చి వ్రాసిన ప్రయాణ గ్రంథములు పెక్కులు గలవు. వానిని జదువు విద్యార్థులలోఁ గొందఱు అచ్చులో నున్నదంతయు సత్యమే యని నమ్ముదురు. మఱికొందఱు పరదేశస్థుని వ్రాఁత యని యంతయుఁ ద్రోసివేయుదురు. ప్రయాణికుఁడు కంటితోఁ జూచినదానిని, చూచి యూహించినదానిని వేఱుపఱచి చదువవలెనని మేము చెప్పుచుందుము. అందులకు అమరావతి కథకంటె మంచి పాఠము మాకుఁ గానరాదు.

గుంటూరు సీమలో కృష్ణయొడ్డున దీపాలదిన్నె యను దిబ్బ యుండెను. జమీందారులగు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడుగారు అమరావతిలోఁ గ్రొత్త పట్టణము గట్టించుచు, ఇటుకలకును రాళ్లకును దానిని ద్రవ్వింపఁగాఁ జెక్కడపు పలకలు బయటపడెను. ఆ వార్త విని 1798లో కాలిన్ మెకంజీ దొర యచటికి వచ్చెను. ఆయన స్కాట్లండు దేశస్థుఁడు. కుంఫిణీ సైన్యమున ఇంజనీరు. మన నైజాం సీమలోను భూమి కొలిపించినవాఁడు. ఆయన దినచర్యనుండి తీసిన భాగములు 1807లో ఏషియాటిక్ సొసైటీ సంపుటమున అచ్చయ్యెను. అందు ఈ శిలలు జైనులకు సంబంధించినవని తలఁచెను. నిజమునకు అది బౌద్ధస్తూపము. అయినను ఈ పొరపాటునకు నవ్వఁబనిలేదు. ఆయన కన్నడ సీమలో జైనులను జూచి మాటలాడియుండెను. ఈ ప్రాంతమున బౌద్ధులు నాఁటికి లేరు, వారి చరిత్ర యైరోపా పండితులకును సరిగాఁ దెలియదు.

మెకంజీ సర్వేయరు జనరలై 1816లో మరల వచ్చి చూడఁగా దిబ్బ నడుమ చెఱువు త్రవ్వఁబడి యుండెను. మిగిలిన పలకలను జిత్రకారులచేఁ గొలిపించి వ్రాయించెను. ఎనుబదికిఁ బైఁబడిన యా పటములు నేఁటికిని లండనులో భద్రముగా నున్నవి. (ఆయన కొలువులో ఏలూరి కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేసిరి. దొర పేరున వెలసిన విద్యలో మనవారి శ్రమ యెంత యున్నదో పిల్లలు మఱవరాదు.) శిలలపై నున్న బ్రాహ్మీ లిపిని నాఁడు చదువఁగలవారు లేరు. అర్థము తెలియకయే అక్షరములను దీసికొనిరి. 1837లో ప్రిన్సెప్ పండితుఁడు ఆ లిపిగుట్టు విప్పఁగా నవి చదువ వీలయ్యెను.

ఇంగ్లీషువారు వీనిని చలువరాళ్లనిరి గాని యవి పల్నాటి సున్నపురాళ్లు. కాల్చిన సున్నమగును. ఎన్నియో పలకలు బట్టీలపాలయ్యెను. అట్టివానిలోఁ గొన్నింటికిఁ బటమే మిగిలినది.

ఈ నాశమునకు దొరల గ్రంథములు జమీందారుని నిందించును. ఆ నింద కొంత నిజమే. కాని 1845లో వాల్టర్ ఎలియట్ దొర త్రవ్వించి మదరాసు పంపిన శిలలు ఏండ్లతరబడి యెండకు వానకు నారుబయటఁ బడియుండెను. 1880లో మదరాసు గవర్నరు ఉత్తరువుచే దిబ్బయంతయుఁ ద్రవ్వి తీసివేయఁబడెను. ఏ రాయి యెచట నుండెనో సరిగా వ్రాసికొనలేదు. పరుల సంఘమునుగూర్చి వ్రాయువానికిఁ దనవారి తప్పు అంత పెద్దగాఁ గనఁబడదు కాఁబోలు!

ఎలియట్ శిలలు 1859లో లండను చేరి, ఫైఫ్ హౌసు బండ్లకొట్టములో మూలఁబడెను. ఫెర్గూసన్ పండితుఁడు వానిని గనుఁగొని, మెకంజీ పటములనుగూడఁ గైకొని, 1868లో వృక్షపూజ, సర్పపూజలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. శిలలపై నాగులును జెట్లును గలవు, నిజము. వానినుండి జాతులను గూర్చి యల్లిన సిద్ధాంతమును మాత్రము నేఁటి పండితులు విడిచిరి. పటములకొఱకు ఆ గ్రంథమును నేఁటికిని దెఱచుచున్నారు. 1880లో శిలలు బ్రిటిషు మ్యూజియమునకుఁ జేరెను. చెన్నపట్టణపు ఎగ్మూరు మ్యూజియములోఁ బెక్కులు గలవు. సెలవులకుఁ బోవువారు తప్పక చూడుఁడు.

సుబేదారిలోని మనకు దూరమేల? వేయిస్తంభముల గుడికిఁ గాలినడకనే పోవచ్చును. ఓరుగల్లు కోటలో నాలుగు తోరణములు నిలిచియే యున్నవి. పై తరగతుల పిల్లలు కొలతబద్దయు, రెండు కాగితములును గొనిపోవలెను. మొదటి కాగితముపై ఒక్క తోరణపు ఎత్తు నీడనుబట్టి లెక్కించి, స్తంభముల నడిమి వెడల్పును, చెక్కిన హంసలు, మొసళ్లు ఎన్నియో చూచినంతమట్టుకు వ్రాసి పటము గీయవలెను. ఎవరు, ఎందులకుఁ గట్టించిరో మీ యూహ రెండవదానిపై వ్రాయుఁడు. రెండిఁటను మీ పేరును, తేదియు నుండవలెను. మేము మొదటిదానిని ముందు దిద్దెదము.