మానేయొద్దు తల్లీ, అర్జీ పెట్టు

ప్రశ్న: మాది కోడూరు మండలం పాలకాయతిప్ప. అవనిగడ్డలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. నాకిప్పుడు ఐదో నెల. మా ఆయన వేటకెళ్తారు. ‘చదువెక్కడికి పోతుంది, కాన్పయ్యాక చూద్దాంలే’ అంటున్నారు అత్తయ్య. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరట. మానేయక తప్పదా?

జవాబు: మీ అత్తయ్య మాటలో ప్రేమ ఉంది గానీ లెక్క లేదు తల్లీ. చెప్పాపెట్టకుండా ఇంట్లో ఉండిపోతే చదువు అక్కడే ఉన్నా, హాజరు పట్టీలో నీ పేరు ఉండదు.

ముందు పరీక్షల తేదీలు కనుక్కో. కాన్పుకు ముందే వస్తే రాసెయ్. హాజరుండి పరీక్ష తప్పితే ఆ పేపర్లు బ్యాక్‌లాగ్‌ కింద పడతాయి, తర్వాత రాసుకోవచ్చు. హాజరే చాలకపోతే మాత్రం ఆ సెమిస్టరంతా జూనియర్లతో కూర్చుని మళ్లీ చదవాలి. అందుకని ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ వెళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ లేదు కదా. ఆ కుదుపులు ఎన్నో నెల దాకా తట్టుకోవచ్చో డాక్టరమ్మనే అడుగు.

ఇక అర్జీ. 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలన్నిటికీ లేఖ రాసింది. డిగ్రీ, పీజీ చదివే గర్భిణులకు హాజరులోనూ, పరీక్ష దరఖాస్తు గడువులోనూ సడలింపు ఇవ్వమంది. పీహెచ్‌డీ వాళ్లకు 240 రోజులని అంకె వేసి చెప్పింది. డిగ్రీ వాళ్లకు ఎన్ని రోజులో చెప్పకుండా విశ్వవిద్యాలయాలకు వదిలేసింది. మన వైపు పెళ్లిళ్లయ్యేదేమో డిగ్రీలో! అయినా ఆ లేఖ నీకు ఆధారమే. 2023 మేలో ఇలాంటి కేసు ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. మీరట్‌లో ఎం.ఎడ్. చదివే ఒకామెకు ప్రసూతి సెలవు ఇచ్చేది లేదంది అక్కడి విశ్వవిద్యాలయం. కోర్టు ఆ తిరస్కరణను కొట్టేసి, మళ్లీ పరిశీలించమంది. చదువో బిడ్డో తేల్చుకోమని ఆడదాన్ని నిలదీయకూడదన్నది ఆ తీర్పు సారం.

ప్రిన్సిపాల్ గారి పేరున తెలుగులోనే రాయి. డాక్టరు సర్టిఫికెట్, కాన్పు తేదీ జతచెయ్యి. ఒక ప్రతి మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కు స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకో. కాలేజీలో నోటిమాటగా కాదన్నవాళ్లు కూడా కాగితం మీద కాదని రాయడానికి జంకుతారు.

అదీ కుదరకపోతే ఇగ్నో ఉంది. మూడేళ్ల బీఏకి ఆరేళ్ల దాకా గడువిస్తారు. కాకపోతే అది రెండో దారి.

ప్రశ్న: బీఈడీ చేశాను. మూడేళ్ల బాబును నాగాయలంకలో అమ్మ దగ్గర వదిలి అవనిగడ్డలో రూము తీసుకుని డీఎస్సీ కోచింగ్‌లో ఉన్నాను. 2025లో రాలేదు. మళ్లీ పడేదాకా ఇక్కడే ఉండనా?

జవాబు: వద్దండీ. మొన్నటి మెగా డీఎస్సీ 16,347 పోస్టులు మనందరి కళ్లూ మెరిపించాయి, నిజమే. కానీ దానికి ముందు భర్తీ జరిగిన నోటిఫికేషన్ 2018 నాటిది. మళ్లీ ఎప్పుడు పడుతుందో చూస్తూ రూములో కూర్చుంటారా? టెట్ అర్హత ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, దాని మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ. మార్కులు తక్కువుంటే టెట్ మళ్లీ రాసి పెంచుకోండి. ఆ చదువు నాగాయలంకలోనూ సాగుతుంది. ఈలోపు దగ్గర్లో ఏదైనా ప్రైవేటు బడిలో చేరండి, జీతం చిన్నదైనా పాఠం చెప్పే అలవాటు పోదు. రూము మాత్రం ఈ నెలాఖరుకే ఖాళీ చేసేయండి.