ఫైళ్ల సర్వరునకు సేవాభంగము

మన పిల్లల మార్కుల పట్టికలు, పాఠములు నేడు సర్వరులలో దాచబడుచున్నవి కావున ఈ సంగతి తల్లిదండ్రులకు తెలుపదలచితిమి. 2017లో అమెరికాలోని డెఫ్‌కాన్ సభలో ఇద్దరు పరిశోధకులు ‘ఎస్‌ఎంబీలోరిస్’ అను లోపమును వెల్లడించిరి.

విందునకు వత్తునని కబురంపి, విస్తరి వేయించి, రాక ఊరకుండు అతిథి వంటిది ఇది. పెద్ద సందేశము వచ్చుచున్నదని చెప్పు నాలుగు బైట్ల శీర్షికను మాత్రమే దుండగుడు పంపును. విండోస్ సర్వరు దానిని నమ్మి 128 కిలోబైట్ల మెమరీని కేటాయించి వేచియుండును. ఒక్క చిరునామా నుండియే 65,535 కనెక్షనులు తెరువవచ్చును. సుమారు 8 గిగాబైట్లు చిక్కుపడి యంత్రము స్తంభించును. పాస్‌వర్డు కూడ అక్కరలేదు! దొంగతనమేమియు జరుగదు, అయినను పరీక్షనాడు పట్టిక అందనిచో నష్టము నష్టమే.

445వ పోర్టును ఇంటర్నెట్టునకు మూసి, ఒక్కొక్క చిరునామాకు కనెక్షనుల హద్దు నిర్ణయించుట దీనికి ఉపాయము. మీ పాఠశాలలో ఆ పని జరిగినదా యని విచారింపగోరుచున్నాము.