మాంసం లేని మాంసకృత్తులు

పిల్లలూ! మీ పాఠ్యపుస్తకాలలో 'మాంసకృత్తులు' అనే మాట చూసే ఉంటారు. ప్రోటీనులకు మన పెద్దలు పెట్టిన పేరు అది. మాటలోనే మాంసం ఉంది గనుక, మాంసం తినని వాళ్ళకు అవి దొరకవేమో అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. అనుమానం అక్కరలేదు. గిన్నెడు పప్పులోనూ, గుప్పెడు పల్లీలలోనూ కూడా మాంసకృత్తులు ఉన్నాయి. అయితే మాంసం, గుడ్లు ముట్టని ఇంట్లో, అదీ డబ్బు చూసి చూసి ఖర్చు పెట్టవలసిన ఇంట్లో, అందరికీ చాలినన్ని అందాలంటే కాస్త లెక్క తెలియాలి. ఆ లెక్క ఇప్పుడు వేద్దాం.

హైదరాబాదు నుంచి పడమరగా గండిపేట చెరువు దాటి వెళితే మొయినాబాదు, ఆపైన చేవెళ్ళ వస్తాయి. ఆ ప్రాంతంలోనిదే ఎంకపల్లి. నగరానికి రోజూ కూరగాయలు, ఆకుకూరలు, పూలు పంపే పల్లెల సీమ అది. ఎంకపల్లిలో ఒక ఇల్లు ఊహించుకోండి. అమ్మ, నాన్న, నానమ్మ, ఆరో తరగతి చదివే పదకొండేళ్ళ అక్క, ఎనిమిదేళ్ళ తమ్ముడు. అందరూ శాకాహారులే.

వీళ్ళకు రోజుకు ఎన్ని మాంసకృత్తులు కావాలి? ఈ సంగతి చెప్పగల సంస్థ మన దగ్గరే, హైదరాబాదు తార్నాకలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ అంటారు. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మెక్‌కారిసన్ ఎలుకలను గుంపులుగా విడదీసి, మన దేశంలో ఒక్కొక్క ప్రాంతంవారు తినే తిండి ఒక్కొక్క గుంపుకు పెట్టాడు. గోధుమ రొట్టె, పప్పు, పాలు, వెన్న, కూరలు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. తెల్లగా పట్టిన బియ్యమే ప్రధానంగా తిన్నవి గిడసబారిపోయాయి.

ఈ సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం రోజుకు నాన్నకు 54 గ్రాములు, అమ్మకు 46, నానమ్మకూ 46, అక్కకు 33, తమ్ముడికి 23 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కూడితే 202 గ్రాములు.

ఇప్పుడు వంటింట్లోకి రండి. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 7 గ్రాములు, జొన్నల్లో 10, కందిపప్పులో 22, శనగపప్పులో 21, ఉలవల్లో 22, పల్లీల్లో 25, ఆవుపాలలో 3 గ్రాములకు కొంచెం పైన మాంసకృత్తులు ఉంటాయి. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి, వంటింటి తలుపు వెనుక అంటించుకోండి.

ఆ ఇంట్లో రోజుకు కిలో రెండువందల గ్రాముల బియ్యం, నాలుగువందల గ్రాముల జొన్నపిండి, రెండువందల గ్రాముల పప్పు, ఎనభై గ్రాముల పల్లీలు, లీటరు పాలు వాడుతున్నారనుకోండి. వరుసగా 84, 40, 44, 20, 32 గ్రాములు వస్తాయి. మొత్తం 220. కావలసింది 202 కదా, సరిపోయింది.

కాని నెలాఖరున ఏం జరుగుతుంది? బియ్యం డబ్బా అలాగే ఉంటుంది. పప్పు డబ్బా అడుగంటుతుంది. పప్పు కాస్తా పప్పుచారు అవుతుంది, పప్పుచారు పచ్చిపులుసు అవుతుంది. పాలు టీకి మాత్రమే తెస్తారు. పప్పు 50 గ్రాములకు, పాలు పావు లీటరుకు తగ్గి, పల్లీలు మానేస్తే మిగిలేది 143 గ్రాములు. కడుపు నిండినట్టే ఉంటుంది. ఆకలి తీరింది గనుక లోటు ఎవరికీ తెలియదు. అందరికన్నా చివర తినే అమ్మకూ, ఎదుగుతున్న అక్కకూ తెలియకుండానే తగ్గిపోతుంది.

సరే, పది రూపాయలకు ఏది ఎక్కువ ఇస్తుందో చూద్దాం. ధరలు ఊరికీ ఊరికీ మారతాయి గనుక ఇక్కడ లెక్క కోసం అనుకుందాం: కిలో కందిపప్పు 150 రూపాయలు, పల్లీలు 130, బియ్యం 45, లీటరు పాలు 60. అప్పుడు పది రూపాయల పల్లీలలో 19 గ్రాములు, బియ్యంలో దాదాపు 16, కందిపప్పులో దాదాపు 15, పాలలో 5 గ్రాములు వస్తాయి. చూశారా! బియ్యం, పప్పు ఇంచుమించు సమానంగా నిలిచాయి. అయితే పప్పెందుకు, ఇంకో రెండు ముద్దల అన్నం తింటే చాలదా?

చాలదు. అక్కకు కావలసిన 33 గ్రాములూ బియ్యం నుంచే రావాలంటే దాదాపు అరకిలో బియ్యం వండి ఒక్కతే తినాలి. అది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది.

మాంసకృత్తులు ఎమైనో ఆమ్లాలు అనే చిన్న ముక్కలతో తయారవుతాయి. వీటిలో కొన్నింటిని మన శరీరం చేసుకోలేదు, తిండి నుంచే తీసుకోవాలి. చేవెళ్ళ దిక్కున పండే బంతిపూలతో దండ గుచ్చుతున్నారనుకోండి. ఒక పసుపు పువ్వు, ఒక ఎర్ర పువ్వు, మళ్ళీ పసుపు, మళ్ళీ ఎరుపు. పసుపు పూలు అయిపోతే బుట్టెడు ఎర్రపూలున్నా దండ అక్కడే ఆగిపోతుంది. శరీరం కండ కట్టడమూ ఇలాగే. ధాన్యాలలో, ముఖ్యంగా జొన్నలో, లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ. పప్పులలో లైసిన్ దండిగా ఉంటుంది కాని మిథియోనిన్ తక్కువ. ధాన్యంలో ఆ మిథియోనిన్ ఉంది. జొన్నరొట్టె, పప్పు కలిసి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలని లేదు, ఆ రోజు తిండిలో ఉంటే చాలు.

మన రైతులు జొన్నచేలో కంది సాళ్ళు వేయడం మీకు తెలిసిందే. కంది వేళ్ళ బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు కూడా ఇస్తాయి. చేలోనూ, కంచంలోనూ ఆ రెండూ జతే!

జత విడిపోతే ప్రమాదమే. హైదరాబాదు ప్రాంతంలో పప్పు, పాలు కొరవడి జొన్న మీదనే బతికే పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధిని డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో గుర్తించి లోకానికి చెప్పారు. తప్పు జొన్నది కాదు, జొన్న ఒక్కటే తినవలసి రావడానిది.

కందిపప్పు ధర పెరిగితే ఉలవలు, బొబ్బర్లు, శనగపప్పు ఉన్నాయి. ఏది చవకగా ఉంటే అది కొనవచ్చు, మాంసకృత్తులలో పెద్ద తేడా లేదు. మరి బజారులో రంగురంగుల డబ్బాలలో అమ్మే 'బలం పొడులు'? డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదివి చూడండి, చాలా వాటిలో చక్కెర పాలు ఎంతో తెలుస్తుంది. అంతకన్నా మంచి పొడి పోషకాహార సంస్థవారే చిక్కిపోయిన పిల్లల కోసం తయారుచేశారు. దాని పేరు 'హైదరాబాద్ మిక్స్'. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, పల్లీలు 10, బెల్లం 20. దంచి కలిపితే 86 గ్రాములు. అందులో 330 కాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. దీనిలో ధాన్యం, పప్పు జత ఎక్కడుందో మీరే కనిపెట్టగలరు.

పాలు ఖరీదని లెక్కలో తేలింది. అయినా శాకాహారులు పాలు మానకూడదు. బి12 అనే విటమిన్ మొక్కలలో ఉండదు. సూక్ష్మజీవులు దానిని తయారుచేస్తాయి, పశువుల ద్వారా పాలలోకి వస్తుంది. అది తగ్గితే రక్తం, నరాలు దెబ్బతింటాయి. అయిదుగురు పంచుకునే లీటరు పాలు దీనికి చాలవు. అందుచేత ఇంట్లో ఎవరికైనా ఎడతెగని నీరసం, కాళ్ళూచేతులూ తిమ్మిర్లు ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. సున్నం కోసమైతే పాలొక్కటే దిక్కు కాదు. నూరు గ్రాముల ఆవుపాలలో 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే రాగులలో దాదాపు 350 ఉంది.

ఇక ఇనుము. పదకొండేళ్ళ అబ్బాయికి రోజుకు 16 మిల్లీగ్రాములు కావాలి, అదే వయసు అమ్మాయికి 28. అంటే అక్క కంచంలో తక్కువ పెట్టే ఇల్లు లెక్క తలకిందులుగా చేస్తున్నదన్నమాట! 2019–21 దేశవ్యాప్త సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. సజ్జలు, పప్పులు, ఆకుకూరలలో ఇనుము ఉంది కాని శరీరం దానిని సులువుగా పీల్చుకోదు. పప్పులో నిమ్మరసం పిండినా, భోజనంతో జామకాయో ఉసిరికాయో తిన్నా వాటిలోని సి విటమిన్ సాయం చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అడ్డుపడుతుంది. టీ ఒక గంట ఆగగలదు. అన్నం వార్చి గంజి పారబోస్తే బి విటమిన్లు కొన్ని దానితోపాటే పోతాయి. అత్తెసరు పెడితే ఆ నష్టం ఉండదు.

మీకొక లెక్క. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బడిలో మధ్యాహ్న భోజనానికి ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు ఇవ్వాలని నియమం. పై అంకెలతో గుణిస్తే 17 గ్రాముల మాంసకృత్తులు, అక్కకు కావలసిన దానిలో సగం. మిగతా 16 గ్రాములు పొద్దున, రాత్రి మీ ఇంట్లో దేని నుంచి వస్తున్నాయో ఒక వారం రోజులు రాసి చూడండి. నెల మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో మరొకసారి.