అమ్ముడైన చీరకే మళ్లీ ఆర్డర్

ప్రశ్న: చీరాలలో మాకు చేనేత చీరల షాపు ఉంది. లెక్కలు ట్యాలీలో రాస్తాం. షాపిఫైలో, అమెజాన్‌లో కూడా అమ్ముతున్నాం. షాపులో అమ్మేసిన చీరకే ఆన్‌లైన్‌లో మళ్లీ ఆర్డర్ వస్తోంది. అన్నిచోట్ల డేటాని కలిపే క్లౌడ్ టూల్ తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండి, కానీ ముందు ఐటెమ్ కోడ్‌లు సరిచేయండి. ఒకే చీర ట్యాలీలో ‘మామిడి రంగు కాటన్’ అనీ, షాపిఫైలో ‘మ్యాంగో ఎల్లో హ్యాండ్లూమ్’ అనీ ఉంటే రెండూ ఒకటేనని టూల్‌కి తెలియదు. చేనేతలో చాలా డిజైన్లకు ఒక్క చీరే ఉంటుంది కాబట్టి చీరకో కోడ్ ఇచ్చి, మూడుచోట్లా అదే వాడండి. విసుగు పుట్టే పనే. అయినా ఇది చేయకుండా టూల్ మీద డబ్బు పోస్తున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మీ ట్యాలీ షాపు కంప్యూటర్‌లోనే ఉంటే క్లౌడ్ టూల్‌కి నేరుగా అందదు. అక్కడ డేటాను పంపే కనెక్టర్ ఒకటి నడవాలి. ట్యాలీ దానికి మామూలుగా 9000 పోర్టు ద్వారా డేటా ఇస్తుంది. షట్టర్ దించుతూ సిస్టమ్ ఆపేస్తే ఆ రాత్రి డేటా కదలదు. ట్యాలీ కనెక్టర్ అన్ని టూల్స్‌లోనూ రెడీగా ఉండదు. డెమో మీ సొంత డేటాతోనే చూపించమనండి.

ఫైవ్‌ట్రాన్ లాంటి టూల్స్ నెలలో మారిన రికార్డుల సంఖ్యను బట్టి బిల్లు వేస్తాయి. అందుకని అవసరం లేని డేటా ఎక్కించకండి. స్టాకు వెంటవెంటనే కదలాలి, మిగతా లెక్కలు రాత్రికోసారి చాలు. స్టాకు సరిచూడటానికి కస్టమర్ల ఫోన్ నంబర్లు అక్కర్లేదు, పంపకండి. రిటర్న్ వచ్చిన చీరను మాత్రం మడత విప్పి చూసుకున్నాకే స్టాకులో కలిపేలా సెట్ చేయించండి.