మరుగుదొడ్డి తరలిపోయినా తీరని బాధ్యత

కృష్ణ ఒడ్డున నివసించే మనకు పుష్కరాలు, జాతరలు, ఉర్సులు కొత్తవి కావు. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాలకు గద్వాల వైపు బీచుపల్లిలోను, నాగర్‌కర్నూలు వైపు సోమశిలలోను జనం కిటకిటలాడినారు. నల్లమలలోని సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి నాడు యాత్రికులు ఏటా వస్తారు. ఇట్టి చోట్ల నీటితో పనిలేక, కోరిన చోటికి తరలించదగిన కంపోస్టు మరుగుదొడ్లు మిక్కిలి ఉపయోగకరం. అయితే ఉత్సవం ముగిసి దొడ్డిని బండికెక్కించిన పిదప అందులోని మలం ఏమి కావాలి? ఈ విషయాన్నే మేమిక్కడ విచారింపదలచినాము.

ఈ దొడ్డి పనితీరు సులభమైనదే. వాడిన ప్రతిసారీ రంపపు పొట్టో, ఎండుటాకుల పొడియో పైన చల్లుతారు. తేమ తగ్గి, గాలి ఆడి, సూక్ష్మజీవులు మలాన్ని క్రమంగా ఎరువుగా మార్చుతాయి. కాని ఏలికపాముల గుడ్లు వంటివి చాలాకాలం బ్రతికి ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 నాటి సూత్రాల ప్రకారం మనవంటి ఉష్ణప్రదేశాలలో ఏడాదికి పైగా నిలువ ఉంచాలి. లేదా కుప్పలోని వేడి వారానికి పైగా 50 డిగ్రీలను మించి ఉండాలి. జాతర మూడు నాళ్ళు, ఎరువు కావడానికి ఏడాది. చిక్కంతా ఈ వ్యత్యాసంలోనే ఉన్నది.

చట్టమూ ఇదే గీత గీసింది. పూర్తిగా కుళ్ళి మారకముందే మలాన్ని మనుషుల చేతులతో ఎత్తవలసి వచ్చే దొడ్డిని 2013 నాటి చట్టం అపరిశుభ్రమైన మరుగుదొడ్డిగా నిర్వచించి, ఆ పనికి మనుషులను నియమించడాన్ని నిషేధించింది. మాలిన్యాన్ని వాగులలో, బావులలో కలపడం 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం ప్రకారం నిషిద్ధం.

పూర్తిగా మారిన తరువాత దానిలో అసహ్యించుకోదగినది లేదని చూపిన ఘటన మన రాష్ట్రంలోనే జరిగింది. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు సమీపంలోని గంగదేవిపల్లిలో, మూసి ఉంచిన రెండు గుంతల మరుగుదొడ్డి గుంతలోకి కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా దిగి ఎరువును తోడినారు.

కనుక ఉత్సవానికి ముందే నిర్వాహకులు పంచాయతీ లేక పురపాలక సంఘం అనుమతితో, మలం ఏడాది నిలువ ఉండే చోటును నిర్ణయించుకొనవలెను. అది వరద తాకనిదై, బావులకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. డబ్బాలను గట్టిగా మూసి తరలించాలి. పనివారికి చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి. గుంత మూసిన తేదీని మూతపై వ్రాయాలి. పక్వమైన ఎరువును కొల్లాపూరు మామిడి వంటి చెట్ల మొదళ్ళకు వేయవచ్చును. ఆకుకూరలకు, వేరుశనగకు వాడరాదు. ఇట్టి చోటు దొరకనప్పుడు మలశుద్ధి కేంద్రానికి పంపడమే మార్గం.

తరతరాలుగా కొన్ని కులాలవారి తలపై మోపిన భారమిది. కంపోస్టు దొడ్డి పేరుతో దానిని మరల వారిపై మోపితే మనం సాధించినది శూన్యం. కృష్ణా పుష్కరాలు 2028లో తిరిగి రానున్నవి. నాడు సేవకు బయలుదేరే విద్యార్థులు దొడ్లు ఎన్ని అని మాత్రమేగాక, వాటి మలం ఏడాదిపాటు ఎక్కడ ఉండబోతున్నదని కూడ అడగాలని మా మనవి.